చిన్న పెట్టె, పెద్ద అనుమతి

వీధి స్తంభం మీద వైర్‌లెస్ పరికరం పెట్టాలంటే ఎవరిని అడగాలి, ఎందుకు అడగాలి

నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో, మహారాష్ట్ర అటు తెలంగాణకూ ఇటు కర్ణాటకకూ దగ్గరపడే మూలన ఉంది మర్ఖేల్. ఈ మూలన అంగట్లో మిరపకాయల బేరం మరాఠీలో మొదలై తెలుగులో తెగుతుంది. చిల్లర దగ్గర మాత్రం ఏ భాషలోనైనా గొడవే. ఆ గొడవ తీర్చడానికే గంప పక్కన అట్టముక్కకు అంటించిన క్యూఆర్ కోడు వచ్చింది. ఒకతను కిలో మిరపకాయలు సంచిలో పోయించుకుని ఫోను నొక్కాడనుకుందాం. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది.

“పైసలు పోతలేవక్కా. రేంజ్ నిండుగుంది గని పోతలేవు.”

“నిండుగుంటే ఎందుకు పోవు తమ్మీ? పొద్దుగాల అందరివి వచ్చినయి గద.”

ఆమె అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతే మొదట రేడియో తరంగాల దగ్గరికి, అక్కడి నుంచి వీధిలో నిలబడ్డ కరెంటు స్తంభం దగ్గరికి, చివరికి గ్రామసభ తీర్మానాల పుస్తకం దగ్గరికి చేరతాం.

గీతలు చెప్పేది ఒకటి, మనకు కావలసింది ఒకటి

ఫోను మీద కనిపించే గీతలకు తెలిసింది ఒక్కటే: టవర్ గొంతు మన ఫోనుకు ఎంత గట్టిగా వినబడుతోందని. మన మాట వినే తీరిక ఆ టవర్‌కు ఉందో లేదో వాటికి తెలియదు.

పెళ్ళి బంతి గుర్తుచేసుకోండి. పందిట్లో రెండు వందల విస్తళ్ళు, అన్నం వడ్డించడానికి ఒక్కడే మనిషి. గొంతు మాత్రం పెద్దది. “వస్తున్నా, వస్తున్నా” అన్న కేక పందిరి చివరిదాకా వినబడుతుంది. కేక ఎంత స్పష్టంగా విన్నా విస్తట్లో అన్నం పడదు. ఫోను మీది గీతలు ఆ కేక లాంటివి. మిరపకాయల పైసలు విస్తట్లో పడాల్సిన అన్నం.

టవర్ కూడా అలాగే తన పరిధిలోని ఫోనులన్నిటికీ వంతులవారీగా వడ్డిస్తుంది. సెకనులో వెయ్యోవంతు ఒకరికి, మరో వెయ్యోవంతు ఇంకొకరికి. మామూలు రోజున వంతు ఇట్టే వస్తుంది. అంగడి రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ ఒకచోట చేరతాయి. వాటితోపాటే వీడియోలు, కాల్స్, పైసల లావాదేవీలు అన్నీ ఒక్క టవర్ మీద పడతాయి. పొద్దున ఖాళీగా ఉన్న బంతి మధ్యాహ్నానికి కిక్కిరిసిపోతుంది.

వడ్డన వేగం పెరగాలంటే దారులు రెండు. ఒకటి, గరిటె పెద్దది చేయడం, అంటే కంపెనీ మరిన్ని తరంగాలు కొనుక్కోవడం. తరంగాలను కేంద్ర ప్రభుత్వం వేలం వేస్తుంది, వాటి ధర వేల కోట్లలో ఉంటుంది, పైగా అవి పరిమితం. రెండోది, వడ్డించేవాళ్ళను పెంచడం. ఒక్కో వరుసకు ఒక్కొక్కరు చిన్న బకెట్టు పట్టుకుని, పక్క వరుసకు వినబడనంత మెల్లగా మాట్లాడుతూ వడ్డిస్తారు. మెల్లగా మాట్లాడటంలోనే కిటుకంతా ఉంది. ఈ వరుసవాడి మాట ఆ వరుసకు పోదు కాబట్టి ఇద్దరూ ఒకే సమయంలో అవే తరంగాలు వాడుకోవచ్చు. కొత్త తరంగాలు కొనక్కర్లేకుండానే వడ్డన రెట్టింపవుతుంది.

అలా వరుసకొకరుగా నిలబడే చిన్న బకెట్టు మనిషినే టెలికాం భాషలో స్మాల్ సెల్ అంటారు. సెల్ అంటే గది. తేనెపట్టులోలా ఊరిని గదులుగా విభజించి గదికొక యాంటెనా పెట్టడం సెల్‌ఫోను పద్ధతి. దానికి ఆ పేరు వచ్చింది కూడా అందుకే. గదులు చిన్నవైతే స్మాల్ సెల్.

డప్పు దూరం, గజ్జెల దూరం

ఇంకో కారణం తరంగాల స్వభావంలోనే ఉంది. పొలిమేర దగ్గర డప్పు కొడితే పక్క ఊరికి వినబడుతుంది. కాళ్ళ గజ్జెల గలగల మాత్రం గుమ్మం దాటితే వినబడదు. లావు ధ్వని గోడల అంచులు చుట్టుకుని పోగలదు. సన్న ధ్వని తగిలినచోటే ఆగిపోతుంది.

రేడియో తరంగాలూ అంతే. పాతకాలం నుంచి ఫోనులకు వాడుతున్న 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. అది డప్పు. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు దానికి ప్రధానంగా వాడిన వాటిలో 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు ఉన్నాయి. వీటి పొడవు తొమ్మిది సెంటీమీటర్ల లోపే. అదే ఏడాది వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగమైతే ఒక సెంటీమీటరు పైచిలుకు, అంటే కందిగింజ కంటే పెద్దది. అది అసలైన గజ్జె. వేపచెట్టు ఆకులు అడ్డం వచ్చినా నీరసించిపోతుంది.

అయితే గజ్జెల తరంగాల్లో చోటు ఎక్కువ. సన్నటి తరంగాల దగ్గర వెడల్పాటి పట్టీలు ఖాళీగా దొరుకుతాయి, కాబట్టి ఒకేసారి ఎక్కువ సమాచారం పంపవచ్చు. ఎక్కువ మోసేవి దూరం పోలేవు, దూరం పోయేవి ఎక్కువ మోయలేవు. అందుకే ఎక్కువ మోసే తరంగాలు వాడాలంటే యాంటెనా మనిషి దగ్గరికి రావాలి. ఊరి బయట 30, 40 మీటర్ల ఎత్తున నిలబడ్డ టవర్ నుంచి దిగి వీధిలోకి రావాలి.

వీధిలో దానికి కావలసినవి మూడు. నిలబడటానికి చోటు, కరెంటు, వెనక నుంచి సమాచారం మోసుకొచ్చే ఫైబర్ తీగ. ఈ మూడూ ఒకేచోట దొరికే వస్తువు మన వీధుల్లో ముందునుంచే పాతి ఉంది. అదే కరెంటు స్తంభం.

తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ లాగింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. తీగ లాగడం కష్టమైన చోట్ల వెలుతురు కిరణంతోనే సమాచారం పంపే పెట్టెలు రెండు వేలు పెడతామని గూగుల్ సోదర సంస్థ ఎక్స్ అదే నెలలో ప్రకటించింది. రెండు పెట్టెలు ఒకదానికొకటి కనబడితే చాలు, 20 కిలోమీటర్ల దాకా పని చేస్తాయన్నారు. వాటికీ ఎత్తయిన చోటే కావాలి.

ఒక స్తంభం మీద ఎంతమంది

ఊళ్ళో ఏదైనా కూడలిలో ఒక సిమెంటు స్తంభం ముందు రెండు నిమిషాలు నిలబడి కింది నుంచి పైకి చూడండి. పాదం దగ్గర భూమిలోకి దిగే ఎర్తింగ్ తీగ ఉంటుంది. మనిషి ఎత్తున రంగుతో రాసిన స్తంభం నంబరు, దాని మీద సగం అంటించిన కోచింగ్ సెంటర్ పోస్టరు ఉంటాయి. ఆ పైన ఎన్నికలప్పుడు కట్టి విప్పడం మరచిన జెండా తాడు. ఇంకా పైన కేబుల్ టీవీ తీగలు, ఇంటర్నెట్ వాళ్ళ నల్లటి ఫైబర్ చుట్టలు, వీధిదీపం. అన్నిటికన్నా పైన పింగాణీ గిన్నెల మీద కరెంటు తీగలు.

ఇప్పుడు ఇది ఎవరిదో చెప్పండి. మహారాష్ట్ర పల్లెల్లో సాధారణంగా స్తంభం కరెంటు పంపిణీ సంస్థ మహావితరణ్‌ది. ఆ సంస్థ పాత బోర్డు నుంచి విడివడి ఇరవై ఏళ్ళయినా జనం ఇంకా ‘ఎమ్మెస్ఈబీ’ అనే అంటారు. దీపం, దాని బాగోగులు గ్రామపంచాయతీవి. స్తంభం పాతిన నేల రోడ్డు అంచైతే అది రోడ్ల శాఖది. ఫైబర్ చుట్ట ఒక ప్రైవేటు కంపెనీది. పోస్టరు ఎవరిదో అందరికీ తెలుసు, కానీ అడిగేవాళ్ళు లేరు.

వీళ్ళందరి మధ్యకూ పైకెక్కే మనిషి ఒకడున్నాడు, వైర్‌మన్. అర్ధరాత్రి వానలో ఫ్యూజు కట్టడానికి ఎక్కే అతనికి కాలు మోపే చోటు కావాలి, చెయ్యి చాపితే కరెంటు తీగ తగలనంత ఎడం కావాలి. అమెరికా భద్రతా నియమావళి సాధారణంగా స్తంభం మీద కరెంటు తీగలకూ సమాచార తీగలకూ నడుమ 40 అంగుళాల ఖాళీ ఉంచమంటుంది. కొత్త పెట్టె వచ్చి కూర్చున్నప్పుడల్లా కుంచించుకుపోయేది ఆ ఖాళీయే. పెట్టెకు బరువుంటుంది. దాన్ని గాలి తోస్తుంది. ఎనిమిది తొమ్మిది మీటర్ల సిమెంటు స్తంభానికి తీగల లాగుడు మోయడం తెలుసు కానీ, కొసన గాలికి ఊగే పెట్టె అదనపు భారమే.

పెట్టె ఎంత చిన్నదైనా ఎవరో ఒకరు ‘సరే’ అనాల్సింది అందుకే. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

పెట్టె చిన్నదైతే దస్త్రం చిన్నదవదు

పెద్ద టవర్ ఒకటి కట్టాలంటే ఒక దరఖాస్తు, ఒక నేల యజమాని, ఒక అనుమతి. దాని బదులు వీధివీధికీ నలభై చిన్న పెట్టెలు పెట్టాలనుకుందాం. నలభై స్తంభాలు, ఒక్కో స్తంభానికి ముగ్గురు యజమానులు, మొత్తం నూట ఇరవై దస్త్రాలు. పెట్టె టవర్‌లో వందోవంతు ఉంటుంది. దాని దస్త్రం మాత్రం టవర్ దస్త్రమంతే లావు. అదే ఫారం, అదే నక్షా, అదే కార్యాలయం చుట్టూ తిరగడం. పరికరం కుదించుకున్నంత తేలిగ్గా అనుమతి కుదించుకోదు.

ప్రపంచంలో నగరాలూ ప్రభుత్వాలూ పదేళ్ళుగా కుస్తీ పడుతున్నది దీనితోనే. అందరూ చేరిన పరిష్కారం దాదాపు ఒకటే: పెట్టెల్లో ఒక ‘చిన్న’ తరగతిని గీసి, ఆ గీత లోపల ఉన్నవాటికి సులువు దారి ఇవ్వడం. తేడాలన్నీ ఆ గీత ఎక్కడ గీయాలి, అద్దె ఎంత, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి అన్న మూడు ప్రశ్నల దగ్గరే.

◼ పెట్టెలో: ‘చిన్న’ అంటే ఎంత?

ఐరోపా సమాఖ్య 2020లో లీటర్లలో కొలిచింది. కనబడే భాగమంతా కలిపి 30 లీటర్లు మించకూడదు. మన ఇళ్ళకు వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాను ఒకటిన్నర అనుకోండి. అంతలో ఇమిడి, మిగతా షరతులు పాటిస్తే ముందస్తు అనుమతి సాధారణంగా అక్కర్లేదు.

అమెరికా కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ 2018లో ఘనపుటడుగుల్లో కొలిచింది. ఒక్కో యాంటెనా మూడు ఘనపుటడుగులు, అంటే 85 లీటర్లు. తక్కిన సామగ్రి అంతా కలిపి 28 ఘనపుటడుగులు, అంటే సుమారు 790 లీటర్లు. ఇది నిలువెత్తు ఫ్రిజ్ అంత. వాళ్ళ ‘చిన్న’ మన కంటికి చిన్నది కాదు.

భారతదేశం 2022లో పెట్టెను కొలవకుండా దాని గొంతును కొలిచింది. తక్కువ శక్తితో, పది మీటర్ల నుంచి రెండు కిలోమీటర్ల దాకా అందే పరికరాన్ని స్మాల్ సెల్ అంది. అందుకే మన నిర్వచనంలో రేడియో ఇంజనీరుకు స్పష్టత ఎక్కువ. కిటికీలోంచి చూసే ఇంటాయనకు మాత్రం తన ఎదుట ఎంత పెద్దది వస్తుందో తెలియదు.

డాలసు వీధుల్లో, దెగ్లూరు వీధుల్లో

మన పిల్లలు కుటుంబాలతో స్థిరపడ్డ ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానో అనే డాలసు శివారు ఊళ్ళు టెక్సస్‌లో ఉన్నాయి. ఆ రాష్ట్రం 2017లో చట్టం చేసింది. ఒక్కో చిన్న పరికరానికి నగరం ఏడాదికి 250 డాలర్లకు మించి అద్దె అడగకూడదు. నగరం సొంత స్తంభం వాడుకుంటే దానికి ఇంకో 20 డాలర్లు. ‘మా వీధి, మా స్తంభం, ధర మీరెలా కడతారు’ అంటూ అక్కడి కొన్ని నగరాలు కోర్టుకెక్కాయి.

ఆ మరుసటి ఏడాది అమెరికా కేంద్ర కమిషన్ దేశమంతటికీ లెక్క చెప్పింది. ఏడాదికి 270 డాలర్ల దాకా అయితే సమంజసం. ఉన్న స్తంభానికి తగిలిస్తే 60 రోజుల్లో, కొత్త స్తంభం పాతాలంటే 90 రోజుల్లో నగరం తేల్చాలి. నగరాలు దీన్నీ సవాలు చేశాయి. 2020లో అప్పీలు కోర్టు ధరలనూ గడువులనూ నిలబెట్టింది. కానీ పరికరం వీధి అందానికి ఎలా నప్పాలో నగరాలు పెట్టుకునే నియమాలను కట్టడి చేసిన భాగాల్ని చాలావరకు కొట్టేసింది. స్తంభం అద్దె ఎంతో కేంద్రం చెప్పవచ్చు, స్తంభం ఎలా కనబడాలో ఊరు చెప్పవచ్చు అన్నట్టుగా తేలింది.

మన దగ్గర కథ ఇంకా పాతది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే తీగలు లాగే హక్కు ఇచ్చింది. స్థానిక సంస్థ చేతిలో ఉన్న ఆస్తి మీదైతే ఆ సంస్థ అనుమతి తీసుకోవాలని కూడా చెప్పింది. 130 ఏళ్ళు దాటాక, 2016లో దారిహక్కు (రైట్ ఆఫ్ వే) నియమాలు వచ్చాయి. అవి ప్రధానంగా భూమిలో కేబుల్, భూమి మీద టవర్ అన్న ఆలోచనతో రాసినవి. స్తంభానికి తగిలించే పెట్టె 2022 ఆగస్టు సవరణలో వచ్చింది. వీధి సామగ్రి అన్న కొత్త మాట ఆ సవరణతోనే నియమాల్లోకి ఎక్కింది. కరెంటు స్తంభం, వీధిదీపం, ట్రాఫిక్ లైటు, బస్‌స్టాపు అన్నీ దాని కిందికే వస్తాయి. ఎనిమిది మీటర్ల లోపు నిలబెట్టిన దాన్ని టవర్ అనకుండా స్తంభం అనే లెక్కేశారు.

అద్దె కూడా కట్టారు. ఒక్కో వీధి సామగ్రి మీద స్మాల్ సెల్‌కు పట్టణాల్లో ఏడాదికి 300 రూపాయలు, పల్లెల్లో 150 రూపాయలు. డాలసు శివారు స్తంభం 250 డాలర్లు, దెగ్లూర్ తాలూకా స్తంభం 150 రూపాయలు. నెలకు పన్నెండున్నర రూపాయలు. రెండు చాయ్‌ల ఖర్చు కూడా రాదు.

ఇంత తక్కువ ఎందుకంటే, అద్దె ఎక్కువైతే కంపెనీ లాభమున్న పట్టణ కూడళ్ళలోనే పెట్టె పెడుతుంది, పల్లె స్తంభం వైపు చూడదు. ఇది ఒక వాదన. ఎదురు వాదనా బలమైనదే. స్తంభం వంగితే సరిచేసేది, దీపం మాడితే మార్చేది, ప్రమాదమైతే నిలదీయబడేది స్థానిక సంస్థలే. వాటికి ఆ పన్నెండున్నర రూపాయలతో ఏం అవుతుంది?

గడియారం తిరగడం మొదలైంది

2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో ఇది వస్తుంది. దారిహక్కు కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటిలో ఊళ్ళకు నేరుగా తగిలే మాటలు నాలుగు.

మొదటిది, అడిగినవాళ్ళకు స్థానిక సంస్థ జవాబు చెప్పి తీరాలి. తిరస్కరిస్తే సమంజసమైన కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

రెండోది గడియారం. 67 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం. ఈ నియమాల్లో మౌనం పూర్తి అంగీకారం.

మూడోది పన్ను. మొబైల్ టవర్ కూడా కట్టడమే, ఆస్తిపన్ను వేయవచ్చు అని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. కొత్త చట్టం ఆ లెక్క మార్చింది. ఏ ఆస్తి మీద టెలికాం పరికరం కూర్చున్నా అది ఆ ఆస్తిలో భాగం కాదు, ఆస్తిపన్ను లెక్కలోకి కూడా రాదు.

నాలుగోది తగాదా. ఊరికీ కంపెనీకీ పేచీ వస్తే తీర్చే అధికారం జిల్లా మెజిస్ట్రేటుది. మర్ఖేల్‌కైతే నాందేడ్ కలెక్టరు.

అంటే దస్త్రాన్ని పెట్టె సైజుకు కుదించే పని చట్టం చాలావరకు చేసింది. ఆ కుదింపులో దస్త్రంతోపాటు ఊరి మాట కూడా కొంత చిన్నదైంది. చిన్నదైంది కానీ మాయం కాలేదు. మిగిలిన ఆ మాట దేనికి పనికొస్తుందో హైదరాబాద్‌లో జరిగిన ఒక దుర్ఘటన చూపిస్తుంది.

రామంతాపూర్ రథం

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతా తల ఎత్తి స్తంభాల వైపు చూసింది. కేబుల్ టీవీ, ఇంటర్నెట్ తీగల గుత్తులు రోడ్ల మీదికి వేలాడుతూ కనిపించాయి. ఏది ఎవరిదో, దేనికి అనుమతి ఉందో, ఏది ఎప్పుడో వదిలేసినదో చూసి చెప్పడం ఎవరితరం కాదు. కరెంటు సంస్థ సిబ్బంది కత్తెరలు పట్టుకుని తీగలు కోయడం మొదలుపెట్టారు. చాలా ఇళ్ళలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఒక టెలికాం కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. అనుమతి తీసుకున్న తీగలు ఏవి, తీసుకోనివి ఏవి అన్నదే అక్కడ ప్రధాన ప్రశ్నయింది.

కోతకు ముందే జవాబు ఉండాల్సిన ప్రశ్న అది. అనుమతి అనే మాట వినగానే మనకు ముద్రలు, లంచాలు, తిప్పడాలు గుర్తొస్తాయి. కానీ అనుమతిలో ఉపయోగపడే సారం ఒక్కటుంది: ఈ స్తంభం మీద ఈ వస్తువు ఫలానా వాళ్ళది, ఫలానా తేదీన పెట్టారు, పాడైతే వాళ్ళే తీయాలి అన్న రాత. ఆ రాత లేకపోతే ప్రమాదం జరిగిన రోజున కత్తెర తప్ప వేరే దారి ఉండదు.

◼ పెట్టెలో: రేడియేషన్ సంగతేమిటి?

చిన్న పెట్టె కిటికీ దగ్గరికి వస్తుందంటే భయం సహజమే. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పెద్ద టవర్ యాంటెనా పదుల వాట్ల శక్తితో అరుస్తుంది. చిన్న పెట్టె సాధారణంగా కొన్ని వాట్లకు మించదు. రెండోది, దూరం రెట్టింపైతే తరంగ తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. టవర్ దూరమైనకొద్దీ ఫోనుకు మాత్రం గట్టిగా అరవక తప్పదు. చెవికి ఆనించుకున్న ఫోను అది. యాంటెనా దగ్గరగా ఉంటే ఫోను గొంతు తగ్గించుకుంటుంది.

మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తరంగ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకు తగ్గించింది. ఈ పరిమితిని పెట్టేది, తనిఖీ చేసేది కేంద్ర టెలికాం శాఖ, గ్రామపంచాయతీ కాదు. ఏ టవర్ ఎక్కడుందో చూసుకోవడానికి తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. యాంటెనాకు సూటిగా ఎదురుగా, చెయ్యి చాపే దూరంలో ఎవరూ నిలబడకుండా చూడటం మాత్రం పెట్టె ఎక్కడ బిగించాలన్న ప్రశ్న. ఆ ప్రశ్న ఊరు అడగవచ్చు.

రెండు రకాల సర్కిళ్ళు

మర్ఖేల్ ప్రాంతానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇదంతా ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యం. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి వైపు వెళ్ళింది. దెగ్లూర్ తాలూకాలోంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను మాత్రం కోసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. ఇవాళ అవి తెలంగాణలో ఉన్నాయి. అలా ఒకే తాలూకా బంధువులు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు.

టెలికాం లోకంలోనూ ‘సర్కిల్’ అనే మాటే ఉంది. తరంగాలను సర్కిళ్ళవారీగా అమ్ముతారు. మర్ఖేల్ మహారాష్ట్ర సర్కిల్, జుక్కల్ ఆంధ్రప్రదేశ్ సర్కిల్. తెలంగాణ వచ్చినా టెలికాం పటంలో ఆ పేరే ఉండిపోయింది. ఒకే కంపెనీ దగ్గర ఈ సర్కిల్‌లో ఉన్న తరంగం ఆ సర్కిల్‌లో లేకపోవచ్చు. అందుకే సరిహద్దు టవర్లు పక్క సర్కిల్‌లోకి గొంతు పోకుండా యాంటెనాలు కిందికి వంచుకుని జాగ్రత్తపడాలి. పెద్ద గొంతుకు ఇది కష్టం. మెల్లగా మాట్లాడే చిన్న పెట్టెకు తేలిక. పొలిమేర ఊళ్ళకు చిన్న పెట్టె అందుకే బాగా నప్పుతుంది.

తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ

ఇప్పటికైతే చిన్న పెట్టెలు ఎక్కువగా నగరాల కథ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో ప్రయోగాలు చేసిన చోట్లు భోపాల్ నగరం, ఢిల్లీ విమానాశ్రయం, కాండ్లా ఓడరేవు, బెంగళూరు మెట్రో. కానీ నియమంలో పల్లెకు కూడా అద్దె రాసిపెట్టారు కాబట్టి, ఆ రోజు వస్తుందన్న అంచనా నియమం రాసినవాళ్ళకు ఉన్నట్టే.

ఆ రోజు గ్రామసభ ఏం అడగవచ్చు? ఈ స్తంభం అదనపు బరువు మోస్తుందని నిర్మాణ ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం అడగవచ్చు. దరఖాస్తుతో అది జతచేయాలని 2022 నియమాలే చెప్పాయి. వైర్‌మన్ ఎక్కే చోటు మిగిలిందా, ఎర్తింగ్ సరిగా ఉందా, జాతర రథం దారిలో తీగ ఎంత ఎత్తున ఉంటుందో అడగవచ్చు. పెట్టె మీద కంపెనీ పేరు, ఫోను నంబరు రాయమనవచ్చు. ‘మాకు భయంగా ఉంది’ అని మాత్రం ఆపడం కుదరదు. జవాబు చెప్పకుండా కూడా ఆపలేదు, 67 రోజుల గడియారం తిరుగుతూనే ఉంటుంది.

ఆ గడియారం మొదలవకముందే చేయగలిగిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం పట్టుకుని ఊరి స్తంభాలన్నీ ఒకసారి చుట్టి రావాలి. నంబరు, ఎవరిది, నిటారుగా ఉందా వంగిందా, మీద ఏమేం వేలాడుతున్నాయి, వాటిలో బతికున్నవి ఎన్ని. గ్రామపంచాయతీ అధికారి, వైర్‌మన్ కలిసి తిరిగితే ఒక పూట పని. లేకపోతే దరఖాస్తు వచ్చాక ‘ఇది ఎవరి స్తంభం’ అని తేల్చుకోవడానికే 67 రోజులూ సరిపోతాయి. అరవై ఎనిమిదో రోజున పెట్టె తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది.

పైసలు పోని ఆ మధ్యాహ్నం మిరపకాయలు కొన్నాయన చివరికి పాత పద్ధతే పట్టాడనుకుందాం. “వచ్చే అంగడికిస్త అక్కా” అన్నాడు. ఆమె పెన్సిల్ తీసి, గంప కింద పెట్టుకున్న చిన్న పుస్తకంలో అతని పేరు, తేదీ, ఎంత ఇవ్వాలో రాసుకుంది. ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో రాసిపెట్టుకునే అలవాటు అంగడికి ఎప్పటినుంచో ఉంది. స్తంభాలకే ఇంకా రాలేదు.